బెంగళూరు బస్సులను మింగేస్తున్నది రోడ్డే

బెంగళూరులో బస్సు కోసం ఎదురుచూసేవాళ్లందరిదీ ఒకటే మాట: బస్సులు చాలడం లేదు, ఇంకా కొనాలి. ఆ మాట నిజమే. లక్ష జనాభాకు 60 బస్సులుంటే మంచి సేవ అన్నది కేంద్ర పట్టణాభివృద్ధి శాఖ పెట్టిన కొలత. కోటీ ముప్పై లక్షలు దాటిన నగరానికి ఆ లెక్కన 7,800కు పైనే కావాలి. నగర బస్సులు నడిపే ప్రభుత్వ సంస్థ బీఎంటీసీ దగ్గర ఉన్నవి 7 వేలకు అటూ ఇటూ. అయితే ఉన్నవాటిలో ఎన్నింటిని ట్రాఫిక్ తినేస్తోందన్న లెక్క మాత్రం ఎవరూ అడగడం లేదు.

18 కిలోమీటర్ల రూటు ఒకటి తీసుకుందాం. రద్దీలో గంటకు 12 కిలోమీటర్లు నడిస్తే పోవడానికి 90 నిమిషాలు, రావడానికి 90. రెండు చివర్లా పదేసి నిమిషాలు ఆగుతుంది కాబట్టి మొత్తం 200 నిమిషాలు. పది నిమిషాలకో బస్సు కావాలంటే ఆ రూటుకు 20 బస్సులు పెట్టాలి. అదే రోడ్డు మీద వేగం 18కి చేరితే 140 నిమిషాల్లో ఒక చుట్టు పూర్తవుతుంది, 14 బస్సులు చాలు. 20నీ అక్కడే ఉంచితే ఏడు నిమిషాలకో బస్సు వస్తుంది. ఒక్క బస్సు కొనలేదు, ఒక్క డ్రైవర్‌ను కొత్తగా తీసుకోలేదు.

ఈ వేగం బీఎంటీసీ చేతిలో లేదు. రోడ్డు, ఫుట్‌పాత్, షెల్టరు నగరపాలక సంస్థవి. పార్కింగ్‌ను ఆపాల్సింది ట్రాఫిక్ పోలీసులు. బస్సు నడిపేవాళ్లకు రోడ్డు మీద ఒక తెల్లగీత గీసే అధికారం కూడా లేదు.

మన తెలుగువాళ్ల పీజీలు కిక్కిరిసి ఉండే మారతహళ్లి వైపు స్టాపులనే చూడండి. పొద్దున తొమ్మిదింటికి షెల్టరు ముందు నాలుగు ఆటోలు నిలబడి ఉంటే 12 మీటర్ల బస్సు పక్కకు రాలేదు, రెండో వరుసలోనే ఆగిపోతుంది. జనం ఫుట్‌పాత్ దిగి, బైకులను తప్పించుకుంటూ పరుగెత్తి ఎక్కుతారు. వెనక బస్సు కాచుకుంటుంది. ఒక్కో స్టాపులో అర నిమిషం ఇలా పోయినా 30 స్టాపులకు పావుగంట పోయినట్టే. ఆలస్యమైన బస్సు కోసం తర్వాతి స్టాపులో జనం ఇంకా పోగవుతారు, వాళ్లు ఎక్కేసరికి అది మరింత ఆలస్యం. వెనకదానికి ఎక్కేవాళ్లు లేక త్వరగా వచ్చి ముందుదాన్ని అందుకుంటుంది. అరగంట ఏదీ రాక, ఆనక రెండు 500డీ రూటు బస్సులు జంటగా రావడానికి అసలు కారణం ఇది. ఊరికే డ్రైవర్లను తిట్టి లాభం లేదు.

స్టాపును సరిచేయడం పెద్ద ఖర్చు కాదు. ఫుట్‌పాత్‌ను లోపలికి కోసి బస్-బే కట్టడం మన ఇంజనీర్లకు అలవాటు. రద్దీ రోడ్డులో అది ఆటో స్టాండు అవుతుంది, లోపలికి వెళ్లిన బస్సును తిరిగి రోడ్డెక్కనిచ్చే నాథుడుండడు. దానికి బదులు ఫుట్‌పాత్‌నే రోడ్డు వైపు ముందుకు తెస్తే బస్సు తన వరుసలోనే ఆగి కదులుతుంది, రెండు బస్సులకు 30 మీటర్లు సరిపోతుంది. స్టాపు సిగ్నల్‌కు ముందు కాకుండా దాటాక ఉండాలి. ముందుంటే జనం ఎక్కేలోపు పచ్చలైటు పోతుంది.

ప్రత్యేక లేన్ కూడా ఈ నగరానికి కొత్త కాదు. 2019 అక్టోబరులో ఔటర్ రింగ్ రోడ్డులో సిల్క్ బోర్డ్ నుంచి కె.ఆర్.పురం వైపు బస్సులకు వరుస కేటాయించి బోలార్డులు (అడ్డుగా పాతే పొట్టి స్తంభాలు) పాతారు. సర్వీస్ రోడ్డు కలిసే చోట ఖాళీ వదలక తప్పదు, కాపలా లేకపోతే బైకులూ కార్లూ దూరేది అక్కడే. ఆ తర్వాత మెట్రో పనులొచ్చి ఆ వరుసే పోయింది. బోలార్డులు పాతినంత మాత్రాన లేన్ నిలవదు, ప్రతి ఖాళీ దగ్గరా కెమెరా, ఆ కెమెరాకు చిక్కితే జరిమానా ఉండాలి.

ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పే సమాచారం ఇప్పటికే ఉంది. 2023 జూన్ 11న మహిళలకు ఉచిత బస్సు ప్రయాణమిచ్చే శక్తి పథకం వచ్చాక వాళ్లకు ఇచ్చే సున్నా టికెట్ కూడా మెషీన్‌లో నమోదవుతోంది: ఏ స్టేజీలో ఎక్కారు, ఎక్కడికి తీసుకున్నారు, ఏ గంటలో. దీనికి జీపీఎస్‌ను జతచేస్తే ఏ వంద మీటర్లలో ఎంతమంది ఎన్ని నిమిషాలు ఇరుక్కుంటున్నారో తేలిపోతుంది. కార్పొరేషన్ ఇంజనీరు బల్ల మీద ఉండాల్సిన పటం అది.

2025 సెప్టెంబరులో నగరం ఐదు కార్పొరేషన్లయింది. మెజెస్టిక్‌లో బయలుదేరి కాడుగోడి చేరే 335ఈ రూటు బస్సు ఒక కార్పొరేషన్‌లో మొదలై మరో దాంట్లో ముగుస్తుంది, దారిలో సరిహద్దు దగ్గర లేన్ తెగిపోతే దాని వల్ల ఒరిగేదేమీ లేదు. రవాణా సంస్థలన్నిటినీ ఒక చోట కూర్చోబెట్టడానికే 2022 నాటి బీఎంఎల్‌టీఏ (బెంగళూరు మహానగర భూ రవాణా ప్రాధికార సంస్థ) చట్టం ఉంది. బస్సు రూట్లున్న ప్రధాన రోడ్ల డిజైన్‌కు ఆ సంస్థ ఆమోదం తప్పనిసరి చేయాలి.

ముందుగా తేల్చాల్సింది ఔటర్ రింగ్ రోడ్డు సంగతే. మెట్రో బారికేడ్లు తీసేసి తారు వేసే రోజు వస్తుంది. కార్ల కోసం గీతలు గీశాక బస్సు వరుస అడిగితే ఇచ్చేవాళ్లుండరు. రోడ్డు పునరుద్ధరణ టెండరులోనే ఆ వరుస కొలత, స్టాపుల చోటు, కెమెరాల సంఖ్య రాసి ఉండాలి.