అనుమతి ఢిల్లీలో, పురుగు పరకాలలో

అక్టోబరు చివర్లో పరకాల దగ్గర ఒక పత్తి చేనులో గుడ్డి పువ్వు విప్పి చూశాను. రేకులు విచ్చుకోలేదు, దారంతో కుట్టేసినట్టు మెలితిరిగి ఉన్నాయి. పక్క మొక్క మీది పచ్చి కాయ చీల్చితే రెండు గింజలు అతుక్కుపోయి, లోపల గులాబీ రంగు పురుగు. సరిగ్గా ఈ పురుగును ఆపుతుందని చెప్పి రైతుకు బోల్‌గార్డ్-2 అనే జన్యుమార్పిడి బీటీ పత్తి విత్తనం అమ్మారు.

జన్యుమార్పిడి ఆవాలకు కేంద్రం ఇచ్చిన అనుమతిపై నడిచిన కేసులో 2024 జులైలో సుప్రీంకోర్టు న్యాయమూర్తులిద్దరూ చెరో తీర్పు ఇచ్చి, జన్యుమార్పిడి పంటలపై జాతీయ విధానం రూపొందించాలని కేంద్రానికి చెప్పారు. అప్పటి నుంచి వాదనంతా అనుమతి ఇవ్వాలా వద్దా అన్న చోటే తిరుగుతోంది. నన్నడిగితే అసలు ప్రశ్న అది కాదు. అనుమతి ఇచ్చిన మర్నాటి నుంచి ఆ విత్తనానికి పూచీ ఎవరిది?

పురుగును చంపే బ్యాక్టీరియా జన్యువును చొప్పించిన బీటీ పత్తికి 2002లో అనుమతి వచ్చింది. 450 గ్రాముల ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల నాన్ బీటీ విత్తనం ఇచ్చేవారు. చేను చుట్టూ అది వేస్తే మామూలు పురుగులు అక్కడ బతికి, బీటీకి లొంగని పురుగులతో జతకట్టి, ఆ మొండితనాన్ని పలచన చేస్తాయి. చక్కటి ఆలోచన. కానీ ఆ చిన్న ప్యాకెట్లు చాలావరకు గట్ల మీదే పడి ఉన్నాయి. అమ్మినవాడు వివరించలేదు, అధికారి వచ్చి చూడలేదు. రెండెకరాల కౌలు చేనులో ఐదు సాళ్లు పురుగుకు వదిలెయ్యమంటే ఎవరు వదులుతారు? షరతు కాగితం మీద మిగిలింది, పురుగు మొండికేసింది, నష్టం మాత్రం రైతు మీదే పడింది.

నిబంధనలు బిగిస్తే కొత్త పరిజ్ఞానం దొడ్డిదారిన వస్తుందని కొందరంటారు. అందులో నిజముంది. కలుపు మందును తట్టుకునే పత్తికి అనుమతి లేకపోయినా, లూజు విత్తనం బిల్లు లేకుండా ఊళ్లలోకి వస్తూనే ఉంది. కానీ బోల్‌గార్డ్-2 రాజమార్గంలోనే వచ్చింది కదా! దానికి మాత్రం ఎవరు జవాబు చెప్పారు?

నా మనసులో ఉన్న మాట మరొకటి. వరంగల్ సన్నాలు, జగిత్యాల సన్నాలు మన పరిశోధన కేంద్రాలు ఇచ్చిన వరి రకాలు. రైతు ఆ గింజను బస్తాలో దాచి మరుసటి ఏడాది నారు పోసుకోగలడు. బీటీ పత్తి హైబ్రిడ్‌గా వచ్చింది, దాచిన గింజ వేస్తే అదే పంట రాదు కాబట్టి ఏటా దుకాణం ముందు నిలబడాల్సిందే. సాంబ మసూరి నుంచి జన్యు సవరణతో రాజేంద్రనగర్‌ శాస్త్రవేత్తలు రూపొందించిన ‘కమల’ వరిని కేంద్రం 2025 మేలో ప్రకటించింది. దాని గింజను దాచుకునే హక్కు రైతుదేనని ఇప్పుడే రాతపూర్వకంగా తేల్చాలి. ప్రజల డబ్బుతో పుట్టిన విత్తనం ప్రజల గాదెలోనే ఉండాలి.

ఆ రోజు పరకాల రైతు చీల్చిన కాయను అరచేతిలో పెట్టుకుని, "ఇది ఎవరికి చూపించాలి సార్?" అని అడిగాడు. వ్యవసాయ అధికారి దగ్గరికి వెళ్దామన్నాను. బిల్లు తీసుకురమ్మంటే తెచ్చాడు. దాని మీద ఉన్నది భూమి యజమాని పేరు.