ఝార్సుగూడ మనకెందుకులే అనుకుంటే

2025 ఫిబ్రవరి 5న అమెరికా సైనిక విమానం, దొంగచాటుగా వచ్చారంటూ 104 మంది భారతీయులను తెచ్చి అమృత్‌సర్‌లో దించింది. చేతులకు, కాళ్లకు సంకెళ్లు వేసి తెచ్చారని తెలిసిన రోజు మన ఒడిశా తెలుగువాళ్ల సంఘం వాట్సాప్ గ్రూపు హోరెత్తిపోయింది. బరంపురం, పర్లాకిమిడి, రాయగడల్లో పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్లు తక్కువేం కాదు, టెన్షన్ ఉంటుంది మరి. "జడ్జి ముందు నిలబెట్టకుండానే పంపేస్తారా?" అని చాలామంది అడిగారు. సరైన ప్రశ్నే. అక్కడి 1996 చట్టం ప్రకారం సరిహద్దులో పట్టుబడ్డవాళ్లను చాలావరకు జడ్జి దాకా తీసుకెళ్లకుండానే పంపేయొచ్చు. ఇమిగ్రేషన్ కోర్టు దాకా వెళ్లినా ప్రభుత్వం లాయర్ని పెట్టదు, ఖర్చు మనదే.

అదే ఏడు జులైలో మన ఒడిశాలోనే, ఝార్సుగూడలో, బెంగాలీ మాట్లాడే కూలీలను 400 మందికి పైగా పట్టుకెళ్లారు, బంగ్లాదేశీయులేమోనని. చాలామంది పశ్చిమ బెంగాల్ వాళ్లేనని తేలాక వదిలేశారు. ఆ వారం మన గ్రూపులో గురుపౌర్ణమి శుభాకాంక్షలు తప్ప ఇంకేం రాలేదు.

దొంగచాటుగా వచ్చినవాళ్లను పంపొద్దని నేననడం లేదు. వచ్చారని తేల్చేదెవరు, ఎలా తేలుస్తారు, అదీ నా గొడవ. 1946 నాటి విదేశీయుల చట్టం పోయి 2025 సెప్టెంబరు 1 నుంచి కొత్త చట్టం అమల్లోకి వచ్చింది. పాతదానిలో లాగే ఇందులోనూ తాను విదేశీయుణ్ణి కానని రుజువు చేసుకోవాల్సింది పట్టుబడ్డ మనిషే. అలాంటప్పుడు కాగితాలు తెచ్చుకోవడానికి కాస్త వ్యవధి, వాటిని చూపించడానికి ఒక చోటు ఉండాలి కదా? ఎవరు విదేశీయులో విచారించి తేల్చే విదేశీయుల ట్రిబ్యునళ్లు అస్సాంలోనే ఉన్నాయి. మిగతా చోట్ల మొదట తేల్చేది పోలీసులే. ఢిల్లీలో పట్టుబడ్డ పశ్చిమ బెంగాల్ గర్భిణిని 2025 జూన్‌లో బంగ్లాదేశ్‌లోకి నెట్టేశారు. హైకోర్టు, సుప్రీంకోర్టు దాకా వెళ్తే గానీ ఆమె డిసెంబరులో తిరిగి రాలేదు.

మన మల్కనగిరి జిల్లా సంగతి చూడండి. తూర్పు పాకిస్తాన్ (ఇప్పటి బంగ్లాదేశ్) నుంచి వచ్చిన బెంగాలీ కాందిశీకులకు దండకారణ్య ప్రాజెక్టు కింద అక్కడ భూములిచ్చి కూర్చోబెట్టింది కేంద్ర ప్రభుత్వమే, ఆ ప్రాజెక్టు 1958లో మొదలైంది. ఊళ్లకు పేర్లు పెట్టే ఓపిక కూడా లేక ఎం.వి. (మల్కనగిరి విలేజ్) అని నంబర్లు వేశారు, ఇప్పటికీ అవే పేర్లు. మోటు, కలిమెల వైపు మన తెలుగువాళ్లు వాళ్ల పక్కనే బతుకుతున్నారు, సంతలో వాళ్ల దగ్గరే కూరగాయలు కొంటున్నారు. 1950 జనవరి 26 నుంచి 1987 జూన్ 30 దాకా ఈ దేశంలో పుట్టినవాళ్లు, తల్లిదండ్రులు ఎవరైనా, పుట్టుకతోనే పౌరులని చట్టం చెబుతోంది. కాబట్టి ఆ ఊళ్లలో నడివయసు దాటినవాళ్లలో చాలామందికి పౌరసత్వం ఒకరు ఇచ్చేది కాదు. 2004 డిసెంబరు తర్వాత పుట్టిన పిల్లలకైతే తల్లీతండ్రీ ఇద్దరి లెక్కా చూస్తారు, చిక్కంతా అక్కడే. ఆధార్ ఉందిగా అంటారేమో, అది పౌరసత్వానికి రుజువు కాదని ఆధార్ చట్టంలోనే ఉంది.

మన కాగితాలు మాత్రం అంత సవ్యంగా ఉన్నాయా? 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా మనది మద్రాసు ప్రెసిడెన్సీ. మా తాతగారి దస్తావేజు తెలుగులో ఉంది. మా నాన్నకు ఒక కార్డులో ఇంటిపేరు ముందుంటే ఇంకోదానిలో వెనక, మూడోదానిలో అసలు లేనే లేదు. ఆంధ్ర, ఒడిశా రెండూ తమవేనంటున్న సరిహద్దు కొటియా ఊళ్లలో ఇంకా విచిత్రం: అటు ఆంధ్ర ఓటరు కార్డు, ఇటు ఒడిశా ఓటరు కార్డు ఉన్నవాళ్లున్నారు. 2021లో అక్కడ ఆంధ్ర పంచాయతీ ఎన్నికలు పెడితే ఒడిశా సుప్రీంకోర్టుకెళ్లింది. రెండు ప్రభుత్వాలూ మావాళ్లే అంటున్నాయి కాబట్టి వాళ్లకిప్పుడు భయం లేదు. మాట్లాడే భాషను బట్టి అనుమానించడం ఒకసారి అలవాటైతే అది బెంగాలీతోనే ఆగుతుందన్న పూచీ ఎవరిస్తారు?

వచ్చే కార్యవర్గ సమావేశంలో ఒక తీర్మానం పెట్టబోతున్నాను. భాషను చూసి ఎవరినీ పట్టుకోకూడదు. పట్టుకుంటే రాజ్యాంగం చెప్పినట్టు 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందుకు తేవాలి. కాగితాలకు వ్యవధి ఇవ్వాలి. దీన్ని మల్కనగిరి బెంగాలీలతో కలిసి కలెక్టర్లకు ఇద్దాం. ఉగాది వేదిక అలంకరణ ఖర్చు కొంత తగ్గిస్తే కోరాపుట్ జిల్లా జైపూరులో ఒక లాయర్ని మాట్లాడుకోవచ్చు, మనవాళ్ల పేర్ల తప్పులు దిద్దించడానికీ పనికొస్తాడు. అభ్యంతరం ఉన్నవాళ్లు సమావేశానికొచ్చి చెప్పండి, గ్రూపులో కాదు.