బుల్లెట్‌కి పూత పూస్తే బ్యారెల్ అరగదా?

"మాలిబ్డినం పూత ఉన్న బుల్లెట్లు వాడితే బ్యారెల్ రెండింతలు మన్నుతుంది, మందు (తూటాలో మండే గన్‌పౌడర్) ధైర్యంగా పెంచుకోవచ్చు, లోపల శుభ్రం చేయక్కర్లేదు, పైన సెరకోట్ వేయిస్తే అరుగుదల ఇంకా తగ్గుతుంది." ఈ మెసేజ్ ఈ నెలలోనే నాకు ఐదుగురు పంపారు. అందరూ ఏళ్ల తరబడి రైఫిల్‌తో లాంగ్ రేంజ్, అంటే దూరపు గురి, కాలుస్తున్నవాళ్లే!

సెరకోట్ అనేది తుపాకీకి బయట వేసే గట్టి పూత, తుప్పు ఆపడానికి. అరిగేది లోపల. దాని సంగతి అంతే.

రెండింతల మాటకొద్దాం. రాపిడే బ్యారెల్‌ని తినేస్తుంటే పొడవునా ఒకేలా అరగాలి కదా? నేను పూత బుల్లెట్లు మాత్రమే కాల్చిన బ్యారెల్‌లో బోర్‌స్కోప్ (గొట్టం లోపల చూసే సన్నటి కెమెరా) పెట్టి చూశాను. థ్రోట్ దగ్గర, అంటే బుల్లెట్ గొట్టంలోకి దూరే మొదట్లో, ఉక్కు ఎండిన చెరువు అడుగులా బీటలు వారింది. బుల్లెట్ బయటికొచ్చే మూతి దగ్గర మాత్రం తయారీలో పడ్డ టూల్ గీతలు కూడా చెక్కుచెదరలేదు. అంటే బ్యారెల్‌ని తినేది రాపిడి కాదు, మందు వేడి. ఉక్కు కరిగేది దాదాపు 1,500 డిగ్రీల సెల్సియస్ దగ్గర. మందు మంట 2,000 డిగ్రీలు దాటుతుంది. ఆ మంటకి బుల్లెట్ మీది పూత ఎలా అడ్డుపడుతుంది? .308 తూటా కాల్చే బ్యారెల్ వేల రౌండ్లు నిలబడి, 6.5-284 తూటా కాల్చేది దానికంటే చాలా ముందే చేతులెత్తేసేది, సన్నటి గొట్టంలో ఎక్కువ మందు మండడం వల్లే.

నాకు ఒళ్లు మండేది "మందు పెంచుకోవచ్చు" అన్న మాటకి. పూత వల్ల రాపిడి తగ్గుతుంది, దాంతో ఒత్తిడి తగ్గుతుంది, వేగమూ పడిపోతుంది. ఆ వేగం కోసం మందు పెంచితే వేడి మళ్లీ మొదటికొస్తుంది, బ్యారెల్‌కి మిగిలేదేమీ లేదు. అంతకంటే ఘోరం ఇంకోటుంది. పూత బుల్లెట్లు అయిపోయిన రోజు, అదే కొలత మందు మీద మామూలు బుల్లెట్ పెట్టి కాలుస్తారు. అప్పటికే 60,000 పీఎస్‌ఐ (ఒత్తిడి కొలత) అంచున ఉన్న లోడ్, అంటే నింపిన తూటా, హద్దు దాటేస్తుంది. మందుని అంటించే ప్రైమర్ చితికిపోవచ్చు, కేస్ (తూటా ఇత్తడి గుల్ల) పగిలి వేడి గ్యాస్ వెనక్కి తన్నొచ్చు. తూటాని వెనకనుంచి మూసి ఉంచే బోల్ట్ వెనక ఉండేది మన కళ్లు. ఆ మెసేజ్ రాసినవాడు ఆ రైఫిల్‌కి తన చెంప ఆనించి కాలుస్తాడా? ఫార్వర్డ్ చేసేముందు ఇదొక్కటైనా ఆలోచించరా?

శుభ్రం చేయడం గురించి మాత్రం ఒకటి ఒప్పుకోవాలి. పూత బుల్లెట్లతో బుల్లెట్ మీది రాగి బ్యారెల్ లోపల తక్కువ అంటుకుంటుంది, గురి చెడకుండా ఎక్కువ రౌండ్లు కాల్చగలిగాను. చాలాకాలం ఇది నేను నమ్మలేదు, నాదే తప్పు. కానీ పూత లోపల వదిలే నల్లటి పొరకి తేమ తగిలితే ఆమ్లం పుట్టి, పొర కిందే ఉక్కు గుంటలు పడుతుంది. మ్యాచ్ మధ్యలో వదిలేయండి, పర్వాలేదు. బీరువాలో పెట్టేముందు మాత్రం లోపల తుడిచి పెట్టండి.