మహారాజశ్రీ వాట్సాప్ దండం బొమ్మ గారికి

మహారాజశ్రీ దండం బొమ్మ గారి సముఖమునకు, బెంగళూరు తెలుగు క్రైస్తవ సంఘాల్లో పరామర్శ పని చూసుకునేవాళ్లం ప్రభువు నామమున వందనములు చేసి వ్రాయునది. ఇక్కడ అందరం క్షేమం. అంటే, క్షేమమనే అనుకుంటున్నాం. గ్రూపులో ఎవరు ఏ కష్టం పెట్టినా కింద మీరే బారులు తీరి నిలబడుతున్నారు కాబట్టి, ఎవరింట్లో ఏం జరుగుతోందో మాకు అంతుపట్టడం లేదు.

మీ సేవల్ని తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. తమరు 2010లో యూనికోడ్ జాబితాకెక్కారు, అంటే ఫోన్లూ కంప్యూటర్లూ పాటించే అక్షరాల పట్టికకి. పుట్టిల్లు జపాను. అక్కడ బతిమాలడానికీ, థాంక్స్ చెప్పడానికీ మిమ్మల్ని వాడుకుంటారు. హైఫైవ్ కొట్టుకుంటున్న ఇద్దరి చేతులనుకున్న అమాయకులూ ఉన్నారు. మా బెంగళూరు మారతహళ్లి చేరేసరికి మాత్రం విజ్ఞాపన పరిచర్యలో, అంటే ఇతరుల కోసం ప్రార్థించే పనిలో, స్థిరపడ్డారు. 2022 మే నెలలో వాట్సాప్ వాడు రియాక్షన్లు పెట్టినప్పుడు మొదటి ఆరుగురిలో మీరొకరు. అంతకుముందు మిమ్మల్ని పంపాలంటే కనీసం కీబోర్డు తెరిచి వెతుక్కోవాల్సి వచ్చేది, ఇప్పుడు మెసేజి మీద వేలు కాసేపు నొక్కి పట్టుకుంటే చాలు. గ్రూపులో 1024 మందిదాకా చేరొచ్చు గనక, ఒక్క జ్వరానికి 1023 దండాలు పడే సదుపాయం కలిగింది. అపొస్తలుల కాలంలో కూడా ఇంత ఉజ్జీవం లేదు.

ఇక విషయానికొస్తాం. వానలు మొదలయ్యాక మా దగ్గరికి ఎక్కువగా వచ్చే ప్రార్థన మనవి డెంగీ. పీజీలో మూడో అంతస్తు, ముగ్గురుండే గది, మిగిలిన ఇద్దరూ ఆఫీసుకి పోయారు. మొదటి రోజు 103 జ్వరం, మీరు హాజరు. రెండో రోజూ హాజరు. నాలుగో రోజో ఐదో రోజో జ్వరం దిగుతుంది. 'దేవునికి స్తోత్రం, బ్రదర్‌కి జ్వరం తగ్గింది' అని గ్రూపులో పడుతుంది. మీరు రెట్టింపు బలగంతో దిగుతారు, మనవి మూతపడుతుంది. డెంగీలో అసలు గండం అప్పుడే మొదలవుతుందని మీకెవరూ చెప్పలేదు పాపం. జ్వరం దిగిన ఆ ఒకటి రెండు రోజుల్లోనే రక్తనాళాల్లోంచి నీరు బయటికి ఊరి బీపీ పడిపోయేది. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్లలో రక్తం, చేతులూ కాళ్లూ చల్లబడటం, పిలిస్తే మత్తుగా మూలగడం, వీటిలో ఏది కనిపించినా తెల్లారేదాకా ఆగకూడదు, ఆటో ఎక్కించాలి. అది చూడ్డానికి గదిలో ఒక మనిషి ఉండాలి. ఒళ్లు నొప్పులని బ్రూఫెన్ వేసుకోబోతే చేతిలోంచి లాక్కుని పారాసెటమాల్ ఇచ్చే మనిషి. గంజి, కొబ్బరినీళ్లు, ఓఆర్‌ఎస్ గంటగంటకీ తాగించి, 'పొద్దుట్నుంచి ఎన్నిసార్లు ఒంటికి వెళ్లావురా' అని సిగ్గుపడకుండా అడిగే మనిషి. మీరు ఎంత భక్తిగా చేతులు జోడించినా ఈ ప్రశ్న అడగలేరు.

డాక్టరు ప్లేట్‌లెట్లు కావాలన్నాడనుకోండి. 'అర్జెంట్, ఓ పాజిటివ్ డోనర్ కావలెను' అని మెసేజి పడగానే మళ్లీ మీరే. సింగిల్ డోనర్ ప్లేట్‌లెట్లకి దండులు దండులుగా జనం అక్కర్లేదు, ఒక్కడు చాలు. యాభై కిలోల బరువుండాలి, మూడు రోజులుగా ఆస్పిరిన్ ముట్టి ఉండకూడదు, మోచేతి మడతలో సూది పట్టే నరం ఉండాలి. ముందు పరీక్షల కోసం, ఆ తర్వాత మిషను పక్కన గంటా గంటన్నర కూర్చునే ఓపిక కావాలి. మీకు చేతులైతే ఉన్నాయి గానీ నరం లేదు. అందుకే కొన్ని సంఘాల్లో వానాకాలానికి ముందే బ్లడ్ గ్రూపు, ఉండే ఏరియా, చివరిసారి రక్తమిచ్చిన తేదీ రాసిన కాగితం ఒకటి తయారుచేసి పెట్టుకుంటున్నారు. ఆ కాగితం ఉన్నచోట మెసేజికి బదులు ఫోను వెళ్తుంది. ఫోనెత్తినవాడు వస్తాననో రాననో చెప్పి తీరాలి, దండం పెట్టి తప్పించుకోలేడు.

మీరు లేకపోతే అంతా సవ్యంగా ఉంటుందని మేం అనడం లేదు. పన్నెండు మంది ఒకేసారి వార్డులోకి చొరబడి, పక్క మంచం మీద ఆపరేషనైన ముసలాయన ఉలిక్కిపడేలా గొంతెత్తి ప్రార్థన చేసి, నారింజపళ్ల సంచి పెట్టి ఫొటో తీసి గ్రూపులో పడేసే పరామర్శ కూడా ఉంది. ఆ ఫొటో కింద మీరు పడటం తెలిసిందే. రోగికి కావాల్సింది రాత్రి పదింటి నుంచి పొద్దున ఆరింటిదాకా అటెండరు పాసు పట్టుకుని ఉండే ఒక్కడు. ఇన్సూరెన్సు అప్రూవల్ కోసం కౌంటరు దగ్గర కన్నడంలో మాట్లాడగలవాడు ఒకడు. కందుకూరు నుంచి రాత్రి బస్సెక్కిన అమ్మని తెల్లారుజామున మడివాళలో దింపుకుని, ముందు ఎవరింటికైనా తీసుకెళ్లి స్నానం చేయించి, టిఫిను పెట్టి, ఆ తర్వాత ఆసుపత్రికి తెచ్చేవాళ్లు ఒకరు. అన్నీ కలిపి ముగ్గురి పని.

చలికి వణుకుతూ పస్తున్నవాడితో 'సమాధానంగా వెళ్లు, వెచ్చగా ఉండు, కడుపునిండా తిను' అని చెప్పి పంపేస్తే ఏం లాభమని యాకోబు తన పత్రికలో, అంటే బైబిల్లోని ఉత్తరంలో, అడిగాడు. మీరు పుట్టక ముందే మీ మీద పడ్డ మొదటి ఫిర్యాదు అదని మా అనుమానం. యెరూషలేములో గ్రీకు మాట్లాడే విధవరాండ్రకి రోజూ పంచే భోజనం సరిగ్గా అందడం లేదని గొడవొచ్చినప్పుడు కూడా పన్నెండుమంది అపొస్తలులూ 'ప్రార్థించుచున్నాము' అని చెప్పి ఊరుకోలేదు. ఏడుగురి పేర్లు రాయించారు. స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు, అన్నీ గ్రీకు పేర్లే. ఎవరికి అన్నం అందలేదో ఆ వైపువాళ్ల చేతికే గరిటె ఇచ్చారు. పరాయి భాష ఊళ్లో ఉంటున్న తెలుగువాళ్లకి ఇంతకంటే పనికొచ్చే అధ్యాయం బైబిల్లో లేదు. మన గ్రూపుల్లో మాత్రం 'వీలున్నవాళ్లు ఎవరైనా వెళ్లి చూడగలరు' అని పెడతారు. ఆ 'ఎవరైనా' అనేవాడు ఇంతవరకూ ఏ సంఘం రిజిస్టరులోనూ చేరలేదు.

రోములో రెండో శతాబ్దం మధ్యలో యుస్తీను అనే క్రైస్తవ రచయిత రాసినదాన్ని బట్టి చూస్తే, ఆదివారం కూడికకి రాలేకపోయినవాళ్లకి పరిచారకులు రొట్టె పట్టుకెళ్లి ఇచ్చేవారు. రానివాడికి లింకు పంపడం అప్పట్లో తెలీదు. 1742లో ఇంగ్లండులోని బ్రిస్టల్‌లో, మెథడిస్టు ఉద్యమం నడిపిన జాన్ వెస్లీ మనుషులు ప్రార్థనాలయం కట్టిన అప్పు తీర్చడానికి సభ్యుల్ని పన్నెండేసి మందిగా విడగొట్టి, వారానికి మనిషికో పెన్నీ వసూలు చేయమని గుంపుకొకర్ని పెట్టారు. వసూలుకి గడపగడపా తొక్కినవాళ్లకి ఎవడు తాగి ఉన్నాడో, ఎవడు పెళ్లాంతో పోట్లాడుతున్నాడో కళ్లారా కనబడింది. అప్పు సంగతి అలా ఉంచి, ఈ ఇల్లిల్లూ తిరగడమే అసలు పనైంది, మెథడిస్టు క్లాసులంటే అవే. అప్పులో ఇంత ఆత్మీయత దాగుందని మన బిల్డింగ్ ఫండు కమిటీలకి ఎవరూ చెప్పలేదు. వాళ్లు గోడకి క్యూఆర్ కోడు అంటించి ఊరుకున్నారు.

తమ వంశం గురించి కూడా ఒక మాట చెప్పుకోవాలి. దక్షిణ ఇండియా సంఘం, అదే సీఎస్‌ఐ, 1947 సెప్టెంబరు 27న మద్రాసులో, సెయింట్ జార్జ్ కేథడ్రల్‌లో ఏర్పడింది. 1950లో వచ్చిన దాని ప్రభు భోజన క్రమంలో, పడమటి సంఘాల్లో మరుగునపడి కేరళ సిరియను సంఘాల్లో మిగిలిన ఒక అలవాటుని మళ్లీ లేపారు. బల్ల దగ్గర మొదలుపెట్టి, సమాధానాన్ని, అంటే శాంతిని, చేతి నుంచి చేతికి వరస చివరిదాకా అందించడం. ఇచ్చేవాడు తన కుడి అరచెయ్యిని ఎదుటివాడి కుడి అరచేతికి ఆనిస్తాడు, ఇద్దరూ ఎడమ చేతుల్ని వాటిమీద మూస్తారు. చూస్తే అచ్చం మీలాగే ఉంటుంది. కాకపోతే ఆ దండంలో ఎదుటివాడి చెయ్యి ఉంటుంది. అది వేడిగా ఉంటే జ్వరమని తెలుస్తుంది, వణికితే ఒంట్లో బాగాలేదని తెలుస్తుంది, చెయ్యి అందించకుండా ముఖం తిప్పుకుంటే మొన్నటి కమిటీ మీటింగులో మాట పట్టింపు ఇంకా పోలేదని తెలుస్తుంది. 2020లో కరోనా వచ్చి చేతులు విడదీసింది. దూరం నుంచే ఎవరి చేతులు వాళ్లు జోడించుకున్నాం. అది అప్పటికి న్యాయమే. కరోనా పోయింది, మీరు మాత్రం పోలేదు.

అయితే ఏం చేయమంటారని అడగొద్దు, చేస్తున్నాం. ఇళ్లల్లో కూడికలు. ఎనిమిది నుంచి పన్నెండు మంది, అంతకు మించితే సోఫా మీద కొందరు, గుమ్మం దగ్గర కొందరు చేరి రెండు సంఘాలవుతాయి. అందరూ సిల్క్ బోర్డు జంక్షన్‌కి ఒకే వైపున ఉండాలి. ఇది సిద్ధాంతం కాదు, ట్రాఫిక్. వైట్‌ఫీల్డ్ వాళ్లనీ ఎలక్ట్రానిక్ సిటీ వాళ్లనీ ఒకే గుంపులో వేస్తే సహవాసమంతా గూగుల్ మ్యాపులోనే జరుగుతుంది. శనివారం సాయంత్రం ఆరింటికి మొదలుపెట్టి ఏడుంపావుకి లేవాలి. ఒక పాట, ఒక వాక్యభాగం, దాని మీద ఇరవై నిమిషాలు, తర్వాత అరగంట ఎవరికేం కావాలో నోరు తెరిచి చెప్పుకోవడం. ఎక్కడ చెడుతుందంటే, నడిపించే అన్నకి ఆదివారం ప్రసంగం దొరకలేదన్న దిగులుంటుంది, దాన్ని ఇక్కడ తీర్చుకుంటాడు. యాభై నిమిషాలు ఆయనే మాట్లాడితే, చెప్పుకోవడానికి వచ్చినవాళ్లు గడియారం చూసుకుంటూ లేచిపోతారు. ఇంకో తెగులు తిండి. మొదటి వారం టీ, బిస్కెట్లు. రెండో ఇంట్లో మిరపకాయ బజ్జీ. మూడో ఇల్లు చికెన్ బిర్యానీ, పెరుగు చట్నీ, డబల్ కా మీఠా. నాలుగో ఇంటావిడ 'ఈ నెల మాకు వీలుపడదు వదినా' అంటుంది, గుంపు అక్కడితో సరి. టీ, బిస్కెట్లు దాటకూడదని మొదటి వారమే గట్టిగా చెప్పెయ్యాలి. పీజీ పిల్లలు ఇల్లు ఇవ్వలేరు, వాళ్లకి పాలప్యాకెట్లు తెచ్చే పని, గ్లాసులు కడిగే పని ఇవ్వండి. పని ఇవ్వనివాడు మూడో వారానికి అతిథి అయిపోతాడు, ఐదో వారానికి కనబడడు.

బాలింత ఇంటికి భోజనం పంపడం కూడా ఇలాంటి విద్యే. ముందు ఆవిడకో, వాళ్లమ్మకో ఫోను చేసి పథ్యమేంటో అడగాలి. వంకాయ, గుమ్మడికాయ సంగతిలో ఒక్కో జిల్లాకి ఒక్కో ధర్మశాస్త్రం ఉంది. రెండు వారాలు, రోజుకి ఒక్క పూట, పన్నెండున్నరకల్లా చేరాలి. ఏ రోజు ఎవరో, ఏం కూరో కాగితం మీద రాయకపోతే మంగళవారం మూడు సాంబార్లు వస్తాయి, బుధవారం మీరొస్తారు. డబ్బా గుమ్మంలో ఇచ్చి పది నిమిషాల్లో కదలాలి. బిడ్డ ఎవరి పోలిక అనే చర్చ నామకరణం దాకా ఆగుతుంది.

మీలో ఒక్క గుణానికి మాత్రం మేం తలొంచుతాం. మీకు పక్షపాతం లేదు. మేనేజరుకీ అపార్ట్‌మెంటు వాచ్‌మనుకీ ఒకే సైజు దండం పెడతారు. ఇళ్లు అలా లేవు. 'మీది ఏ ఊరండి' అని మొదలెట్టి, 'ఊళ్లో ఏ పేట' అని దిగి, ఆ జవాబుని బట్టి టీ కప్పు ఏ చేత్తో ఇవ్వాలో తేల్చుకునేవాళ్లు బాప్తిస్మం తీసుకున్నవాళ్లలోనూ ఉన్నారు. కొరింథులో కొందరు ముందే వచ్చి కడుపునిండా తిని తాగి, పని ముగించుకుని వచ్చే పేదవాడికి ఏమీ మిగల్చనప్పుడు, మీరు తింటున్నది ప్రభువు భోజనం కాదని పౌలు ఉత్తరంలో ముఖం మీద కొట్టినట్టు రాశాడు, ఒకరికోసం ఒకరు ఆగమన్నాడు. ఇంటి కూడికలు ఎవరెవరి ఇళ్లల్లో జరుగుతున్నాయో, ఎవరి ఇంటి వంతు ఎప్పుడూ రావడం లేదో ఆర్నెల్లకోసారి రిజిస్టరు తిరగేస్తే చాలు, సంఘం ఎక్కడుందో బయటపడుతుంది. ఈ లెక్క తీసే ధైర్యం చాలామంది పాస్టరు అయ్యగార్లకి లేదు. మాకూ అంతంత మాత్రమే.

చివరిగా సభ్యత్వ ఉత్తరం. ఏళ్ల తరబడి బెంగళూరులో ఉంటూ, సభ్యత్వం మాత్రం ఊళ్లోని సంఘంలోనే ఉంచుకుని, ఇక్కడ మీ ద్వారా ప్రతి కూడికకీ హాజరు వేయించుకునేవాళ్లు కోకొల్లలు. పెళ్లి కుదిరినప్పుడు గుర్తొస్తుంది. గుళ్లో మూడు ఆదివారాలు ప్రకటన చదవాలంటే అయ్యగారికి ఆ పిల్లవాడి ముఖం తెలిసి ఉండాలి కదా. చావొచ్చినప్పుడైతే మరీను. సమాధుల తోటలో చోటు కావాలని వెళ్తే, ముందుగా అడిగేది ఏ సంఘం, ఉత్తరమేది అని. అర్ధరాత్రి మార్చురీ బయట నిలబడి ఆ ఉత్తరం కోసం నంబర్లు తిప్పడం ఏ కుటుంబానికీ రాకూడదు. ఊరు మారిన మూడు నెలల్లోపు పాత సంఘం నుంచి బదిలీ ఉత్తరం తెచ్చుకుని కొత్త రిజిస్టరులో పేరెక్కించుకోండని మేం గ్రూపులో పెట్టాం. తమరు విరివిగా వచ్చారు. ఉత్తరాలు రావాల్సి ఉంది.

ఇట్లు,
తమ వల్ల పని పెరిగిన,
పరామర్శ కమిటీ

తా.క.: బాలింత ఇంటికి పంపిన మూడు గిన్నెల స్టీలు కారియరులో మధ్య గిన్నె తిరిగి రాలేదు. అడుగున ఎర్ర నెయిల్ పాలిష్‌తో చుక్క పెట్టి ఉంటుంది. ఎవరింట్లో ఉందో గ్రూపులో అడిగితే మళ్లీ మీరే వచ్చారు. ఇకమీదట తిరిగివ్వక్కర్లేని ఐస్‌క్రీం డబ్బాల్లోనే పంపాలని తీర్మానించడమైనది.