స్టోర్‌రూమ్ స్విచ్‌కు పట్టాభిషేకం

ఆఫీసులో కంప్యూటర్లను కలిపే కొత్త నెట్‌వర్క్ స్విచ్ పెట్టే ముందు అది చూడాలి, ఇది సరిచేయాలి, జనం ఇళ్లకు వెళ్లాకే తగిలించాలి అని నెట్‌వర్క్ టీమ్ వాళ్లు నస పెడుతుంటారే, ఆ ధోరణిని ఈ కాలమ్ తీవ్రంగా ఖండిస్తోంది. స్విచ్ అంటే ఏముంది, ఓ డబ్బా, దానికి ఇరవై నాలుగో నలభై ఎనిమిదో రంధ్రాలు. కేబుల్ దూరింది, పచ్చ లైటు వెలిగింది, ఇంకేం కావాలట? అసలు వీళ్ల జాగ్రత్తల వల్ల నెట్‌వర్క్‌లో సహజంగా జరగాల్సిన అధికార మార్పిడే ఆగిపోతోంది.

వీటీపీ (వీల్యాన్ ట్రంకింగ్ ప్రోటోకాల్)నే తీసుకోండి. వంద స్విచ్‌లున్న చోట ప్రతిదాంట్లోనూ వీల్యాన్‌లు, అంటే ఒకే నెట్‌వర్క్‌ను అకౌంట్స్‌కొకటి, ఫోన్లకొకటి అని విడదీసే వాటాలు, విడివిడిగా కొట్టే బాధ తప్పించడానికి సిస్కో వాళ్లు తెచ్చిన ఏర్పాటు. ఒకదాంట్లో రాస్తే ఆ డొమైన్‌లో, అంటే ఒకే పేరు పెట్టుకున్న గుంపులో, ఉన్నవన్నీ రాసుకుంటాయి. మరి రెండు స్విచ్‌లు రెండు రకాలుగా చెబితే? అందుకు రివిజన్ నంబర్ ఉంది. వీల్యాన్ కలిపినా పెరుగుతుంది, తీసేసినా పెరుగుతుంది. ఎవరి నంబర్ పెద్దదైతే వాళ్ల జాబితానే చెల్లుతుంది. జాబితాలో ఏముందో, అది ఎవరు రాశారో, ఎందుకు రాశారో అడిగే ఆనవాయితీ లేదు.

ఇప్పుడు సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాన్ల బజారైన సీటీసీలో సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరికిన స్విచ్ ఒకటి ఊహించుకోండి. అంతకుముందు అది అమీర్‌పేటలో ఏదో కోచింగ్ సెంటర్ ల్యాబ్‌లో ఉండేది. బ్యాచ్ తర్వాత బ్యాచ్ పిల్లలొచ్చి పొద్దున సేల్స్, హెచ్‌ఆర్ అని వీల్యాన్‌లు పెట్టడం, సాయంత్రం పీకేయడం, ఇదే దాని జీవితం. నంబర్ నాలుగొందలు దాటిపోయింది. మీ ఆఫీసులో ఏళ్లుగా బుద్ధిగా నడుస్తున్న స్విచ్‌ల నంబర్ చూస్తే నలభై కూడా ఉండదు, ఎందుకంటే పాపం అక్కడ పని జరుగుతోంది గానీ ప్రాక్టీసు కాదు. రెండు చోట్లా డొమైన్ పేరు ఒకటే అయి, పాస్‌వర్డ్ పెట్టే ఓపిక ఎవరికీ లేకపోయి ఉంటే, స్విచ్‌లను కలిపే ట్రంక్ కేబుల్ తగిలిన కాసేపటికే అమీర్‌పేట పిల్లలు పీకేయగా మిగిలినదే మీ కంపెనీ నెట్‌వర్క్ అవుతుంది. అకౌంట్స్ వీల్యాన్ మాయం, ఫోన్ల వీల్యాన్ మాయం. ఆ పోర్టులకు ఏ రోగమూ లేదు, తాము ఉండాల్సిన వీల్యానే లోకంలో లేదు కాబట్టి ఊరుకుంటాయి, అంతే. కంగారుపడి కేబుల్ లాగేసినా లాభం లేదు, మిగతావన్నీ అప్పటికే కొత్త జాబితాను భక్తిగా రాసేసుకున్నాయి.

“మేం క్లయింట్ మోడ్‌లో పెట్టాంగా, వీల్యాన్‌లు రాసే హక్కే దానికి లేదు” అని ధీమాగా ఉండేవాళ్లకు శుభవార్త, ఈ ఘనకార్యం క్లయింట్ కూడా చేయగలదు. “రైట్ ఎరేజ్ కొట్టి మొత్తం తుడిచేశాం” అనేవాళ్లకు ఇంకో శుభవార్త, వీల్యాన్‌లూ ఆ నంబరూ ఉండేది ఫ్లాష్‌లో వీల్యాన్ డాట్ డ్యాట్ అనే వేరే ఫైల్లో, దాన్ని రైట్ ఎరేజ్ ముట్టుకోదు. వీటీపీ మూడో వెర్షన్‌లో ప్రైమరీ సర్వర్ అని ఒకదాన్ని నియమించి, అది తప్ప ఇంకెవరూ రాయకూడదన్నారు. ఇంత మంచి సంప్రదాయాన్ని చెడగొట్టడానికి వాళ్లకు మనసెలా ఒప్పిందో!

స్విచ్‌ల మధ్య దారులు తేల్చే ఎస్టీపీ (స్పానింగ్ ట్రీ ప్రోటోకాల్) ఎన్నికల్లో మాత్రం చిన్న నంబరుదే గెలుపు. స్విచ్‌లు మోసే డేటా పొట్లానికి, అంటే ఈథర్‌నెట్ ఫ్రేమ్‌కు, ఇన్ని గంతులేశాక చచ్చిపో అని చెప్పే టీటీఎల్ లాంటిది లేదు, దారి గుండ్రంగా కలిసి లూప్ పడిందంటే తిరుగుతూనే ఉంటుంది. దాన్ని ఆపడానికే 1985లో డెక్ అనే కంప్యూటర్ కంపెనీలో రేడియా పెర్ల్‌మన్ ఈ ఎస్టీపీని తయారుచేసింది. ఒక స్విచ్‌ను రూట్‌గా ఎన్నుకుంటారు, దాన్నిబట్టే దారులన్నీ. అందరి ప్రయారిటీ నంబర్‌ను మొదట ఉండే 32768 దగ్గరే వదిలేస్తే, తయారీలోనే పడే మ్యాక్ అడ్రస్ చిన్నది ఎవరిదో వాళ్లు గెలుస్తారు, అది చాలాసార్లు అన్నిటికంటే పాత స్విచ్‌ది. అంటే నెట్‌వర్క్ నడిమధ్య ఉండాలని లక్షలు పోసి కొన్న కోర్ స్విచ్ ఓడిపోయి, స్టోర్‌రూమ్‌లోంచి దుమ్ము దులిపి తెచ్చి ప్యాంట్రీ పక్కన పెట్టిన ముసలి స్విచ్ రూట్ అవుతుంది, మూడో అంతస్తు ట్రాఫిక్ ఐదో అంతస్తుకు ప్యాంట్రీ మీదుగా వెళ్తుంది. పాత ఎస్టీపీ అయితే ఈ మార్పు కుదుటపడేలోగా 30 నుంచి 50 సెకన్లు అందరూ స్క్రీన్ చూస్తూ కూర్చోవచ్చు. ప్రయారిటీ మార్చుకునే వీలు మొదట్నుంచీ ఉంది. మార్చకపోవడం మన సొంత ప్రతిభ.

ఇవన్నీ చిన్న ఆఫీసుల గోల అనుకోకండి. 2002 నవంబరులో బోస్టన్‌లో బెత్ ఇజ్రాయెల్ డీకనెస్ అనే పెద్ద ఆస్పత్రిలో, ఎస్టీపీ తట్టుకోగలిగిన దానికి మించి అతుకుల మీద అతుకులు వేసుకుంటూ పోయిన నెట్‌వర్క్ కుప్పకూలి, దాదాపు నాలుగు రోజులు డాక్టర్లు కాగితాల మీదే పని నడిపారు. వాళ్ల ఐటీ పెద్ద జాన్ హలామ్కా జరిగింది దాచకుండా బయటికి చెప్పాడు. మన దగ్గరైతే ‘సాంకేతిక కారణాల వల్ల’ అని గోడకో నోటీసు అంటించి ఊరుకునేవాళ్లం, ఎంత హుందాగా ఉండేది!

ఇంతకీ ఆ జాగ్రత్తపరులు చేసేదేంటో చూడండి. స్విచ్‌ను బల్ల మీద పెట్టి, నెట్‌వర్క్‌కు తగిలించకుండా, కన్సోల్ కేబుల్‌తో మాట్లాడతారు. వీల్యాన్ డాట్ డ్యాట్‌ను విడిగా చెరిపి రీలోడ్ చేస్తారు, వేరేవాళ్ల వీటీపీ జాబితాలు పట్టించుకోని ట్రాన్స్‌పరెంట్ మోడ్‌కు మారుస్తారు, షో వీటీపీ స్టేటస్ కొట్టి రివిజన్ సున్నా ఉందని కళ్లతో చూస్తారు. కోర్ స్విచ్ ప్రయారిటీ 4096 చేస్తారు, కొత్త స్విచ్ వచ్చే వైపు అది రూట్ కాకుండా రూట్ గార్డ్, జనం కంప్యూటర్లు పెట్టే పోర్టులకు అక్కడ ఎవరైనా స్విచ్ తగిలిస్తే మూసేసే బీపీడీయూ గార్డ్ వేస్తారు. ఉన్న కాన్ఫిగ్‌లకు బ్యాకప్ తీసుకుంటారు. అప్పుడు ఒక్క కేబుల్ తగిలించి, లాగ్ చూసుకుంటూ కూర్చుని, అంతా బాగుంటే రెండోది. మొత్తం కలిపితే గంట పని.

దీని ఫలితం? ఏమీ జరగదు. ఏమీ జరగని రాత్రికి స్పాట్ అవార్డు ఎవరిస్తారు? అదే ఆఫీసులో, పట్టపగలు స్విచ్ తగిలించి నాలుగు అంతస్తులు పడుకోబెట్టినవాడు తెల్లారేదాకా కూర్చుని వీల్యాన్‌లన్నీ మళ్లీ కొట్టి లేపితే, మేనేజర్ అందరికీ మెయిల్ పెట్టి మెచ్చుకుంటాడు, బిర్యానీ కూడా తెప్పిస్తాడు. అప్రైజల్ దగ్గర పడుతున్న కుర్రాళ్లు రివిజన్ సున్నా చేసుకుంటూ కూర్చుంటే ఎలా?