నాణేలు నడిపిన నవల

రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ, జపాన్ గెలిచి అమెరికాను పంచుకున్నాయన్న ఊహతో ఫిలిప్ కె. డిక్ 1962లో ‘ద మ్యాన్ ఇన్ ద హై కాజిల్’ రాశాడు. మరుసటి ఏడాది దానికి హ్యూగో అవార్డు వచ్చింది. అందరూ ఆ ఊహనే మెచ్చుకుంటారు. ఆ నవలకు ప్రాణం పోసింది మాత్రం ప్రాచీన చైనా ప్రశ్నగ్రంథం ‘ఐ చింగ్’.

మూడు నాణేలు ఆరుసార్లు వేయాలి. వేసిన ప్రతిసారీ ఒక గీత, నిండుదో మధ్యలో తెగిందో వస్తుంది. కింది నుంచి పైకి పేర్చుకుంటూ పోతే 64 ఆకృతుల్లో ఒకటి తేలుతుంది. పాత్రలు ప్రశ్న అడిగిన చోటల్లా డిక్ నిజంగానే నాణేలు వేసి, వచ్చిన జవాబునే వాళ్లకిచ్చాడు. రేపు ఏం జరగబోతోందో ఐ చింగ్ తేల్చి చెప్పదు. నువ్వున్న పరిస్థితి ఇదీ, ఇలా మసలుకో అంటుంది. నిర్ణయం భారం మళ్లీ మనిషి మీదే పడుతుంది. నవల్లోని జపాన్ వాణిజ్య అధికారి టగోమీ అంత సజీవంగా ఉండటానికి కారణం అదే. అతని తర్వాతి అడుగు రచయితకూ ముందే తెలియదు.

ఇది రచన కాదు, లాటరీ అనేవాళ్లున్నారు. ముగింపు పేలవంగా వచ్చిందని డిక్ కూడా తర్వాత ఐ చింగ్‌నే తప్పుపట్టాడు. ఒప్పుకోను. జర్మనీ, జపాన్ ఓడిపోయినట్టు చెప్పే నవల ఒకటి ఈ నవల్లోనే ఉంది. దాన్నీ ఐ చింగ్‌ను అడుగుతూనే రాశారు. చివర్లో జూలియానా అనే పాత్ర ఆ లోపలి నవల రచయిత ఇంట్లోనే కూర్చుని నాణేలు వేసి, ఈ పుస్తకం ఎందుకు రాశావని ఐ చింగ్‌నే నిలదీస్తుంది. 61వ ఆకృతి వస్తుంది: అంతఃసత్యం. అంటే ఆ లోపలి నవల చెప్పేదే నిజం, వాళ్లు బతుకుతున్న ప్రపంచమే అబద్ధం! ముందే ప్లాన్ వేసుకున్న రచయితకు ఇంత తెగువ ఉండదు.

ఇప్పుడు కథలు తయారయ్యే తీరు చూస్తే బాధేస్తుంది. ఏ నిమిషంలో మలుపు రావాలో, ప్రేక్షకుడు ఎక్కడ ఆపేస్తాడో ముందే లెక్కలు కడుతున్నారు. 2015లో అమెజాన్ ఈ నవలనే సిరీస్‌గా తీసింది. టగోమీ చేతికి ఐ చింగ్ ఇచ్చింది గానీ, లోపలి నవలను తీసేసి ఫిల్మ్ రీళ్లు పెట్టింది. దాంతో జూలియానా ప్రశ్నకే చోటు లేకుండా పోయింది. కథలో అన్నిటికంటే ప్రమాదకరమైన నిమిషాన్నే వదిలేశారు.