గుమాస్తా పక్కన కూర్చోనివాడు కన్సల్టెంటుగా మనకెందుకు?

బెంగళూరులోనో హైదరాబాదులోనో పదిహేనేళ్లు పనిచేసి సొంత ఊరికి తిరిగొచ్చి, ఏ కంపెనీకీ జీతగాడు కాకుండా స్వతంత్ర సాఫ్ట్‌వేర్ కన్సల్టెంటుగా బతుకుతున్నవారు ఇప్పుడు కర్నూలు, అనంతపురం, కడపల్లోనూ కనిపిస్తున్నారు. ఇంటి నుంచి పని, ఉద్యోగాల కోత, ఆ కథంతా పాఠకులకు తెలిసిందే. వీరిని పిలిచే వ్యాపారులు తేల్చుకోవలసింది ఒక్కటుంది: తాము డబ్బిచ్చి కొంటున్నది కోడునా, పని నడిచే తీరు పట్టుకోగల మనిషినా? నా మటుకు నాకు సందేహం లేదు. మనుషుల దగ్గర మొదలుపెట్టనివాడికి ఎంత అనుభవమున్నా సీనియర్ అన్న మాట నప్పదు.

ఆదోనిలో పత్తి వ్యాపారం చేసే ఒక సంస్థ కన్సల్టెంటునైన నన్ను పిలిపించింది. లక్షలు పోసి చేయించిన ప్రోగ్రామును సిబ్బంది వాడటం లేదనీ, అది మొండితనమేననీ, అయినా కొత్తది రాయించక తప్పదనీ యజమాని వాదన. నిజం చెప్పాలంటే నేనూ సర్వరు నెమ్మదించి ఉంటుందనుకునే బయలుదేరాను. రెండు రోజులు ల్యాప్‌టాప్ తెరవకుండా గుమాస్తా పక్కన కూర్చున్నాక సంగతి తెలిసింది. అక్కడ లాటుకు, అంటే ఒక్కో పత్తి కుప్పకు, ధర ముందు ఖాయమవుతుంది, తూకం తరువాత పడుతుంది. ప్రోగ్రాము మాత్రం తూకం నింపనిదే ధర తీసుకోదు. అందుచేత ఆయన పగలంతా అట్ట చిరిగిన పొడవాటి పుస్తకంలో పెన్సిలుతో రాసుకొని, హమాలీలు వెళ్లిపోయాక రాత్రి ఎనిమిదింటికి కూర్చొని అంతా మళ్లీ ఎక్కిస్తున్నాడు. ఈ సంగతి మొదట్లోనే ఎందుకు చెప్పలేదని అడిగితే, "నన్నెవరడిగినారు సార్?" అన్నాడు. తూకం గడి ఖాళీగా ఉన్నా సేవ్ అయ్యేలా మార్చడానికి ఒక పూట పట్టింది. కొత్త ప్రోగ్రాము మాట మళ్లీ రాలేదు.

ఒక సంస్థలో మాటలు ఎలా సాగుతాయో అది తయారుచేసే వ్యవస్థ కూడా అదే పోలికలో ఉంటుందని అమెరికా కంప్యూటర్ శాస్త్రవేత్త మెల్విన్ కాన్వే 1968లో అచ్చయిన వ్యాసంలో వాదించాడు. ఆదోనిలో ప్రోగ్రాము రాసినవారు యజమానితో మాత్రమే మాట్లాడారు గనుక, ఆయన సాయంత్రం చూడదలచిన లెక్క తెరమీదికి వచ్చింది, గుమాస్తా పొద్దున చేసే పని రాలేదు. పద్ధతులకూ పనిముట్లకూ కన్నా మనుషులకూ వారి మధ్య మాటలకూ విలువ ఎక్కువని 2001లో పదిహేడు మంది ప్రోగ్రామర్లు సాఫ్ట్‌వేర్ ఎలా తయారుచేయాలో చెప్పిన తమ ఎజైల్ ప్రకటనలో తొలి విలువగా రాసుకున్నారు. దాన్ని మన కంపెనీలు పొద్దుటి మీటింగుగా కుదించాయి.

గంటకింతని పుచ్చుకునేవాడు కబుర్లు చెబుతూ కూర్చుంటే ఎలా అని అడిగేవారున్నారు. చిన్న వ్యాపారికి ప్రతి రూపాయీ లెక్కే కాబట్టి ఆ ప్రశ్న న్యాయమైనదే. కానీ కృత్రిమ మేధ నిమిషాల్లో కోడు రాసిపెడుతున్న రోజుల్లో కోడు రాసే గంటల ధర పడిపోతుంది. ఏది రాయాలో కనుక్కునే గంటల ధర పెరుగుతుంది. అందుకే గుమాస్తా పక్కన కూర్చున్న రెండు రోజులకూ కన్సల్టెంటు మొహమాటం లేకుండా బిల్లు వేయాలి. చిన్న సంస్థల కోసం కేంద్రం పెట్టిన ఉద్యమ్ పోర్టల్‌లో నమోదైన చిన్న సంస్థకు కొనుగోలుదారు 45 రోజులు దాటి బాకీ పెట్టకూడదని 2006 నాటి చట్టం చెబుతున్న సంగతీ గుర్తుంచుకోవాలి.

అసలు లోపం ఇంకా వెనక, చదువుల దగ్గర ఉంది. అనంతపురంలో 1946లో మొదలైన ఇంజినీరింగ్ కళాశాల ఉంది, ఇడుపులపాయలోనూ కర్నూలులోనూ ట్రిపుల్ ఐటీలు వచ్చాయి. ప్రైవేటు కళాశాలలు సరేసరి. వీటి చుట్టూ ఉల్లి మార్కెట్టు, తాడిపత్రి నాపరాయి పాలిషింగ్ యూనిట్లు, వేరుశనగ మిల్లులు ఉన్నాయి. అయినా చివరి ఏడాది ప్రాజెక్టును డబ్బిచ్చి తెచ్చుకునే విద్యార్థులున్నారని ఈ ఊళ్లలో ఎవరిని అడిగినా చెబుతారు. ఆ ప్రాజెక్టు రద్దుచేసి, ప్రతి విద్యార్థినీ ఒక వారం ఏదో ఒక మండీలోనో మిల్లులోనో కూర్చోబెట్టాలి. వైవాలో, అంటే నోటి పరీక్షలో, మొదటి ప్రశ్నగా, అక్కడి గుమాస్తా కంప్యూటరులో ఎక్కించకుండా పుస్తకంలోనే రాసుకుంటున్నదేమిటో అడగాలి.